వాన తర్వాతి రెండు రాత్రులు

ఫిబ్రవరి నడుమ నుంచి ఏప్రిల్ దాకా నిజామాబాద్ జిల్లాలో ఆర్మూర్ దాటి వేల్పూర్ వైపు పోయినా, బాల్కొండ, కమ్మర్‌పల్లి వైపు పోయినా ఊరూరా పసుపు కల్లాలు కనిపిస్తాయి. జూన్‌లో నాటిన పసుపును ఎనిమిది తొమ్మిది నెలలు సాకి, తవ్వి, కొమ్మునూ మండనూ (తల్లి దుంపనూ) వేరు చేసి, బాయిలర్‌లో ఉడికించి ఇక్కడికి తెస్తారు. ఇక చేయవలసింది పైకి చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. పరచాలి, తిరగెయ్యాలి, ఎండనివ్వాలి. పది నుంచి పదిహేను రోజుల ఎండ కావాలి. ఏడాది పెట్టుబడి అంతా ఆ పదిహేను రోజులూ నెత్తిన కప్పు లేకుండా ఆకాశం కింద పడి ఉంటుంది.

ఆ రోజుల్లో ఎండ చేసే పని ఎంతో లెక్క కడదాం. ఎకరానికి 80 క్వింటాళ్ల పచ్చి పసుపు పండిందనుకోండి. అందులో నూటికి 80 పాళ్లు నీరే. మార్కెట్‌కు పోయే పసుపులో తేమ 10 శాతం దగ్గర ఆగాలి. అంటే చివరికి మిగిలేది సుమారు 18 క్వింటాళ్లు. మిగతా 62 క్వింటాళ్లు, అంటే ఆరు వేల లీటర్లకు పైగా నీరు, గాలిలో కలిసిపోవాలి. ఇంత నీటిని ఆవిరి చేయడానికి పట్టే శక్తిని కరెంటులో చెబితే నాలుగు వేల యూనిట్ల పైమాటే. ఎండ దీన్ని బిల్లు లేకుండా చేసిపెడుతుంది. కాకపోతే ఎండకు గ్యారంటీ కార్డు లేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వచ్చే వానను మనవాళ్లు చెడగొట్టు వాన అని ఊరికే అనలేదు.

చెడగొట్టేది మాత్రం వాన ఒక్కటే కాదు. కల్లం మీద గంటసేపు కురిసి వెళ్లిన వాన చేసే నష్టంలో పెద్ద భాగం ఆ గంటలో జరగదు. తర్వాత వచ్చే రెండు రాత్రుల్లో జరుగుతుంది. రైతు చేతిలో ఉన్నవీ ఆ రెండు రాత్రులే. ఈ అధ్యాయం వాటి గురించి.

ముందు పసుపును ఎందుకు ఉడికిస్తారో చూడాలి. పచ్చి దుంప బతికే ఉంటుంది; అలాగే వదిలేస్తే మొలకెత్తుతుంది. ఉడికిస్తే అది చచ్చిపోతుంది. దుంపలో అక్కడక్కడా చుక్కలుగా ఉన్న రంగు లోపలంతా సమంగా పాకుతుంది, పచ్చివాసన పోతుంది, ఎండే రోజులు తగ్గుతాయి. వీటన్నిటికీ మూలం పిండి పదార్థంలో వచ్చే మార్పు. పసుపు దుంపలో నీరు పోగా ఎక్కువ భాగం పిండే. పచ్చిగా ఉన్నప్పుడు అది గట్టి రేణువులుగా ఉంటుంది, చన్నీళ్లను అంతగా పీల్చదు. వేడినీటిలో ఆ రేణువులు ఉబ్బి, విచ్చి, జిగురు జిగురుగా ఒకటవుతాయి. ఎండినా అవి మళ్లీ పాత రేణువులు కావు. బియ్యం మీద నీళ్లు చల్లితే బియ్యం బియ్యంగానే ఉంటుంది, అదే బియ్యం ఉడికించి పెట్టిన వడియం మీద చల్లితే మెత్తబడి సాగుతుంది. పసుపు కొమ్ముదీ అదే తంతు. రైతుకు కొన్ని రోజుల ఎండ మిగిల్చిన ఉడుకే, వాన పడిన రోజున కొమ్మును నీటికి లొంగదీస్తుంది.

తడిసిన కల్లంలోకి అడుగుపెడితే గుండె గుభేలుమనేది పచ్చని నీళ్లు చూసి. పల్లానికి పారుతున్న ఆ నీటితో పాటు రంగంతా పోయిందనే అనిపిస్తుంది. అంత బెంగ అక్కర్లేదు. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు. 1815లో వోగెల్, పెల్టియే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పసుపు నుంచి దాన్ని మొదటిసారి వేరు చేసిన నాటి నుంచి రసాయనవేత్తలు దాని కోసం నూనె, సారాయి వంటి ద్రావకాలనే నమ్ముకున్నారు. పారే నీళ్లలో ఉన్నది ఎక్కువగా పైపొట్టు పొడి, దుమ్ము. పోయేది పైరంగు నిగనిగ. నిజంగా భయపడాల్సింది కొమ్ము లోపలికి ఎక్కిన నీటి గురించి, అది అక్కడ ఎన్ని గంటలు ఉంటుందన్న దాని గురించి.

ఇంకో లెక్క. 80 క్వింటాళ్ల ఉడికిన పసుపును రెండు మూడు అంగుళాల మందంలో పరిస్తే మూడు వందల గజాల పైచిలుకు జాగా పడుతుంది. దాని మీద 10 మిల్లీమీటర్ల వాన అంటే 2,700 లీటర్ల నీరు. చాలావరకు పారిపోతుంది, కల్లానికి వాలు ఉంటే. చదునుగా ఉంటే కొమ్ముల కిందే నిలుస్తుంది. వాలు లేని కల్లం మీద టార్పాలిన్ కప్పడమంటే పై నుంచి వచ్చే నీటిని ఆపి, కింది నుంచి వచ్చేదాన్ని లోపలికి పిలవడమే.

ఈ వానలు ఎక్కడి నుంచి ఊడిపడతాయి? మార్చి మొదలయ్యేసరికి దక్కన్ నేల బాగా కాగి ఉంటుంది. అప్పుడు వాతావరణ బులెటిన్‌లో ఒక మాట వినిపించడం మొదలవుతుంది: విదర్భ నుంచి తెలంగాణ, కర్ణాటక మీదుగా తమిళనాడు దాకా ద్రోణి. ఆ గీతకు ఒక పక్క బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి, ఇంకో పక్క ఉత్తర, వాయవ్య దిక్కుల పొడిగాలి. కింద వేడి, తేమ, పైన చలి. మధ్యాహ్నానికి నేల దగ్గరి గాలి బుడగలు బుడగలుగా లేచి పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తు దాకా మేఘాన్ని నిలబెడుతుంది. అందుకే చెడగొట్టు వాన పొద్దున పూట అరుదు, సాయంత్రం, రాత్రి ఎక్కువ. ఆ మేఘంలో నాలుగైదు కిలోమీటర్లు దాటాక నీటి బొట్లు సున్నా డిగ్రీల కంటే చల్లబడి కూడా గడ్డకట్టకుండా తేలుతుంటాయి. చిన్న మంచు పలుకు తగిలితే చాలు, దానికి అంటుకుని గడ్డకడతాయి. పైకి తోసే గాలి బలంగా ఉన్నంతసేపు పలుకు పెరుగుతూనే ఉంటుంది, మోయలేనప్పుడు పడుతుంది. అదే రాళ్లవాన. 2023 మార్చి నడుమ వికారాబాద్ జిల్లా మర్పల్లిలో నేల తెల్లగా కప్పుకుపోయిన వీడియోలు చాలామంది చూసే ఉంటారు. రాళ్లకు మామిడి రాలుతుంది, మక్క వంగుతుంది. ఎండిన పసుపుకు రాయి దెబ్బ పెద్ద లెక్క కాదు, టార్పాలిన్‌కే దెబ్బ. చిరిగిన కవరు కింద కుప్ప ఒకేచోట తడిసి, ఆ సంగతి ఎవరికీ తెలియకుండా ఉండిపోతుంది.

మరి రేడార్ ముందే చెప్పదా? చెబుతుంది, ఒక చిక్కుతో. రేడార్ ఉన్న హైదరాబాద్ ఆర్మూర్‌కు గీత గీసినట్టు చూస్తే 150 కిలోమీటర్లు. రేడార్ కిరణం తిన్నగా పోతుంది, భూమి కింద వంగిపోతుంది. దాని అట్టడుగు కిరణం కూడా ఆర్మూర్ దగ్గరికి వచ్చేసరికి సుమారు రెండున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మేఘం నడుమ ఏముందో దానికి బాగానే కనిపిస్తుంది. నేల దగ్గర లేచే గాలి దుమారం కనిపించదు. కాబట్టి మూడు గంటల ముందస్తు హెచ్చరికను నమ్మాలి, దాంతో పాటు పడమటి మొగులునూ చూడాలి. మార్చిలో పై గాలులు పడమర నుంచి వీస్తాయి కనుక అది చాలాసార్లు నాందేడ్ దిక్కు నుంచే వస్తుంది.

హెచ్చరికలోని మాటలకూ కొలత ఉంది. ఎక్కువమంది దాన్ని పట్టించుకోరు. వాతావరణ శాఖ ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని వానకొలత కేంద్రాల్లో నాలుగో వంతు లోపు. ‘కొన్ని చోట్ల’ అంటే నాలుగో వంతు నుంచి సగం దాకా. ‘చాలా చోట్ల’ అంటే సగం దాటి ముప్పాతిక దాకా. మన ఊరి పేరు చెప్పలేదని హాయిగా నిద్రపోయే మాటలు కావివి.

సాయంత్రం నాలుగింటికి కల్లంలో ఈ సంభాషణ జరగని ఊరుండదు.

“బాపూ, మొగులైతంది. కవర్లు గుంజుదామా?”

“ఇంకో గంట ఎండనీ బిడ్డా. గాలికి పోతది తియ్.”

ఇద్దరిలో ఎవరిది సరి? దీనికి వాతావరణ శాస్త్రవేత్తలు 1950ల నుంచి వాడుతున్న ఒక చిన్న సూత్రం ఉంది. జాగ్రత్త పడటానికి అయ్యే ఖర్చును, పడకపోతే వచ్చే నష్టంతో భాగించండి. వాన వచ్చే అవకాశం ఆ భిన్నం కంటే ఎక్కువైతే జాగ్రత్త పడాలి. కూలీలు, పోయిన గంట ఎండ కలిపి కప్పడానికి 2,000 రూపాయలు అవుతుందనుకుందాం. తడిస్తే ధరలో 20,000 పోతుందనుకుందాం. భిన్నం పదో వంతు. అంటే వాన రాకపోవడానికి నూటికి 85 వంతుల అవకాశం ఉన్నా కప్పడమే లాభం. పది సాయంత్రాలు కప్పితే ఎనిమిది తొమ్మిది సార్లు వాన రాదు, ఇరుగుపొరుగు నవ్వుతారు. లెక్క తప్పినట్టు కాదు. ఇక్కడ బాపు పొరపాటు ఒక్కటే: వాన వస్తుందా రాదా అని ఆలోచించాడు, వస్తే ఎంత పోతుందని ఆలోచించలేదు.

రాత్రికైతే లెక్క ఇంకా తేలిక. చీకటి పడ్డాక పసుపు ఎలాగూ ఎండదు కనుక కప్పడం వల్ల పోయే ఎండ ఏమీ లేదు. ఖర్చు కూలి ఒక్కటే. కనుక పొద్దుగూకితే కుప్ప చేసి కప్పడం మొగులు చూసి నిర్ణయించే విషయం కాదు, ప్రతి రోజూ చేయాల్సిన పని.

కప్పే తీరు మీదే పేచీ. పగలంతా కాగిన పసుపు రాత్రి కూడా ఆవిరి వదులుతుంది. ప్లాస్టిక్ దాన్ని బయటికి పోనివ్వదు. తెల్లవారుజామున కవరు లోపలివైపు చేత్తో నిమిరితే నీళ్లు చేతికి అంటుతాయి. వాన చుక్క పడకుండానే కుప్ప పైపొర తడుస్తుంది. రాత్రి పూట కుప్పకు గాలి ఆడేలా కప్పాలని సుగంధ ద్రవ్యాల పరిశోధకులు చెప్పేది ఇందుకే. ఒకే పెద్ద గుట్టగా పోసే కంటే పొడుగ్గా, సన్నగా కట్టలా పోసి, పైన కవరు వేసి, రెండు కొసలూ గాలికి వదలడం మేలు. కట్ట పక్కన జానెడు కాల్వ తీస్తే పారే నీరు లోపలికి రాదు. వాన వెలిసిన మరుక్షణం కవరు తీయాలి. మళ్లీ కురుస్తుందేమో, రేపు పొద్దున చూద్దామని వదిలేసిన కుప్పలే ఎక్కువ చెడతాయి.

ఎందుకంటే, వాన తర్వాతి గాలి ఎండబెట్టే గాలి కాదు. మధ్యాహ్నం 38 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉన్న గాలికి నీటిని తాగే శక్తి ఎంతో, వాన వెలిసిన రాత్రి 24 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న గాలికి అందులో పదో వంతు కూడా ఉండదు. ఆ రాత్రంతా పసుపు పైపొరలోని నీరు బయటికి పోలేక, నెమ్మదిగా లోపలికి దిగుతుంది. గంట వానలో తడిసేది పైపొర. రాత్రి గడిస్తే తడి గుజ్జులోకి చేరుతుంది. పైన పట్టిన తడిని మర్నాటి ఎండ ఒక్క పూటలో లాగేస్తుంది. లోపలికి దిగినదాన్ని లాగాలంటే మళ్లీ రోజులు పడుతుంది.

ఆ రోజుల్లోనే బూజు లేస్తుంది. పసుపు క్రిమినాశిని, దానికి బూజు పట్టదు అనే నమ్మకం గట్టిదే. కల్లంలో అది నిలవదు. గాలిలో, మట్టిలో, కవరు మడతల్లో బూజు బీజాలు ఎప్పుడూ ఉంటాయి. పసుపు బాగా ఎండి ఉంటే వాటికి తాగడానికి నీరు దొరకక నిద్రపోతాయి. తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లో మొలుస్తాయి. రెండు రాత్రుల గడువు అన్నది ఇందుకే. ఆ బూజుల్లో ఆస్పర్జిల్లస్ జాతివి కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేస్తాయి. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినప్పుడు, వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో ఈ విషం దొరికింది. వంట వేడికి అది పెద్దగా విరగదు. యూరోపియన్ యూనియన్ పసుపులో అఫ్లాటాక్సిన్‌లు మొత్తం కలిపి కిలోకు 10 మైక్రోగ్రాములు దాటనివ్వదు. ఒక మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల్లో ఒక వంతు. కంటికి కనిపించే బూజును తుడిచేసినా, పాలిష్ డ్రమ్ములో వేసి తిప్పినా విషం పోయినట్టు కాదు.

కాబట్టి వాన వెలిసిన పొద్దున చేయాల్సిన మొదటి పని విడదీయడం. మొన్న పరిచింది, వారం కింద పరిచింది ఒక్కటి కాదు. రెండో రోజు పసుపులో ఎలాగూ బోలెడంత నీరు ఉంది. దానికి వాన కొంచెం ఆలస్యమే. పదో రోజు పసుపు ఎండి, నీటి కోసం నోరు తెరుచుకుని ఉంటుంది. దాన్ని ముందు చూసుకోవాలి. తడిసినదాన్ని తడవనిదాని నుంచి తీసి, మామూలు మందంలో సగానికి పరచి, గంటకోసారి తిరగెయ్యాలి. తర్వాత కొమ్మును విరిచి చూడాలి. బాగా ఎండిన కొమ్ము టప్పున, లోహం మోగినట్టు విరుగుతుంది. లోపల తడి ఉంటే వంగి, నారలు చూపిస్తూ తెగుతుంది. విరిచిన చోట అంచు లేతరంగులో, నడుమ ముదురుగా, మైనంలా మెరుస్తూ ఉంటే లోపల ఇంకా నీరుంది. నిజామాబాద్ మార్కెట్ యార్డులో కొనేవాడు చేసే మొదటి పని కూడా ఇదే. 2016లో దేశంలో ఎలక్ట్రానిక్ మార్కెట్ మొదలైనప్పుడు తొలి యార్డుల్లో ఒకటి అది. తెర మీద ధర పలికినా, కొమ్ము విరిచేది మాత్రం చేత్తోనే.

మొగులు తెరిపి ఇవ్వకపోతే? అరవై డిగ్రీలు దాటని వేడిగాలితో యంత్రంలో ఎండబెట్టినా పసుపు బాగానే వస్తుంది. అంతకు మించితే పైన పెచ్చు గట్టిపడి లోపలి నీరు ఇరుక్కుంటుంది, సువాసన నూనెలు ఎగిరిపోతాయి. పాలిథీన్ కప్పు వేసిన సోలార్ డ్రయ్యర్లు ఇంకో దారి. ఒక్క రైతు కొనగలిగే సరుకు కాదు. ఏడాదిలో నెల రోజులు వాడి మిగతా పదకొండు నెలలు మూలన పెట్టేదీ కాదు. పది పదిహేను కల్లాలకు కలిపి ఒకటి పెట్టాల్సిన వస్తువు. 2025 జనవరి 14న మొదలైన జాతీయ పసుపు బోర్డుకు కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌లోనే ఉంది, పసుపు పరిశోధన కేంద్రం కమ్మర్‌పల్లిలో ఉంది. గిట్టుబాటు ధర కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు పోటీకి నిలబడ్డ జిల్లా ఇది. ధర గురించి ఎంత మాట్లాడుకున్నామో, వాలు ఉన్న సిమెంటు కల్లం గురించి, ఊరుమ్మడి డ్రయ్యర్ గురించి అంత మాట్లాడుకోలేదని నాకు అనిపిస్తుంది.

ఒక సంగతి మాత్రం లెక్కలోకి రాదు. కుప్పల మీద కవర్లు కప్పడానికి పరుగెత్తి పిడుగు పడి చనిపోయిన రైతు వార్త ప్రతి వేసవిలో పేపర్లో వస్తుంది. మెరుపు కనిపించిన క్షణం నుంచి ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపే ఉరుము వినిపిస్తే పిడుగు మీకు పది కిలోమీటర్ల లోపు ఉంది, అప్పుడు కల్లం వదిలేయాలి. చెట్టు కిందికి వద్దు, బాయిలర్ పక్కకు వద్దు, ట్రాక్టర్ ఇంజను మీదకు వద్దు. పక్కా ఇల్లు, లేదా అద్దాలు ఎత్తిన కారు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని అనే ఫోన్ యాప్ చుట్టుపక్కల పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. కవరు కప్పే సమయం ఉరుము వినిపించక ముందే. వినిపించాక తడవనివ్వండి. తడిసినదాన్ని ఎలా ఎండబెట్టాలో పైన చెప్పుకున్నాం.

ఇక తడిసి ఎండిన పసుపు ఎలా ఉంటుంది? రంగు కొంచెం మందంగా ఉంటుంది, తిన్నగా ఎండి ఉంటే తినడానికి ఏ దోషం లేదు. చిక్కంతా అమ్మేచోట. మన పొరుగున బంగ్లాదేశ్‌లో ఏం జరిగిందో వినండి. 1980లలో పెద్ద వరద వచ్చి పసుపు తడిసి వెలవెలపోయింది. మెరిసే పసుపే కావాలని కొనేవాళ్లు పట్టుబట్టారు. సరుకు సిద్ధం చేసేవాళ్లు దానికి లెడ్ క్రోమేట్ అనే పచ్చ రంగు పూయడం మొదలుపెట్టారు. అందులోని సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. వరద పోయినా అలవాటు పోలేదు, మూడు దశాబ్దాలు సాగింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జెన్నా ఫోర్సైత్, ఢాకాలోని అతిసార వ్యాధుల పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు కలిసి 2019లో ఈ సంగతి బయటపెట్టారు. ప్రభుత్వం మార్కెట్ల మీద పడి తనిఖీలు, జరిమానాలు, ప్రచారం నడిపింది. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపిస్తే, 2021కి అది సున్నాకు వచ్చింది.

కొట్లో పసుపు కొనేటప్పుడు మరీ మిలమిలలాడేదే కావాలని అడగకండి. కొమ్ము కొని విరిచి చూడండి. టప్పున విరిగి, లోపల ఏకరంగుగా ఉండి, బూజు వాసన లేకపోతే, పైరంగు కాస్త మాసినా తీసుకోండి. దాని మీద ఒక వాన పడి ఉండొచ్చు.